చేతులు సడలించుట: పనిభారమును గూర్చిన వేదధ్యానము

పాఠ్యభాగము: కీర్తన 46, నిర్గమకాండము 5

దేవుడు పనిని మానవునికి శిక్షగా ఇయ్యలేదు. ఆదాము పాపము చేయక మునుపే ఏదెను తోటను సేద్యపరచుటకును కాచుటకును నియమింపబడెను (ఆదికాండము 2:15). శాపము వచ్చినప్పుడు శపింపబడినది నేలయే గాని పని కాదు (3:17). అయితే ఆ దినము మొదలుకొని పనిలో నొప్పి కలిసెను. హెబ్రీ మూలము దానిని "ఇత్సబోన్" అనుచున్నది. బాధతో కూడిన ప్రయాస అని దాని భావము. నాగలి పట్టినవాడును, మగ్గము మీద కూర్చున్నవాడును, బడిలో పాఠము చెప్పువాడును, కంప్యూటరు ఎదుట రాత్రి గడుపువాడును ఈ ప్రయాసను ఎరుగుదురు.

ఈ కాలమున దానికి ఒత్తిడి అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణము, 11వ కూర్పు, పనివలన మనుష్యుడు కాలి బూడిదయైనట్లుండు స్థితిని ఒక వ్యాధిగా గాక, వృత్తి సంబంధమైన పరిస్థితిగా పేర్కొనెను. శక్తి ఉడిగిపోవుట, పనిమీద విరక్తియు నిరసనయు పుట్టుట, తాను చేయునది ఫలింపదని తోచుట, ఈ మూడును దాని లక్షణములు. ఆ సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, వారమునకు 55 గంటలు గాని అంతకు మించి గాని పని చేయుటవలన కలిగిన గుండె జబ్బుచేతను పక్షవాతముచేతను 2016వ సంవత్సరములో 7,45,000 మంది మరణించిరి. కావున ఇది తేలికగా తీసివేయదగిన సంగతి కాదు, ప్రాణముల సంగతి.

ఇట్టివారితో సంఘము సాధారణముగా ఒక మాట చెప్పును: "ప్రభువు మీద భారము వేయుము, అంతయు సరియగును." ఆ మాట సత్యమే. కాని భారము వేయుట యనగా ఏమి? దేనిని విడువవలెను, దేనిని విడువరాదు? ఉద్యోగమును మానుకొనవలెనా? లేక చేసిన పనినే చేయుచు మనస్సును మాత్రము రాయి చేసికొనవలెనా? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటకు 46వ కీర్తన 10వ వచనములోని ఒక్క క్రియాపదము చాలును.

ఊరకుండుట యనగా ఏమి?

ఆ వచనమున మన తెలుగు బైబిలు "ఊరకుండుడి" అనుచున్నది. ఈ మాట తెలుగు చెవికి రెండు విధములుగా వినబడును: నోరు మూసికొని యుండుట ఒకటి, ఏ పనియు లేక ఖాళీగా నుండుట మరియొకటి. మూలమున నున్న హెబ్రీ పదము "హర్పూ". దాని ధాతువు "రాఫా". సడలుట, జారవిడుచుట, బిగించిన దానిని వదలుట అని దాని సహజార్థము. బిగిసిన పిడికిలి విప్పుకొని చేయి వ్రేలాడునట్లు చేయుట ఆ పదములోని చిత్రము. కావున ఈ ఆజ్ఞ నోటికంటె ముందుగా చేతులకు ఇయ్యబడినది.

ఎట్టి స్థలమున ఇది పలుకబడినదో గమనింపవలెను. కీర్తన ప్రశాంతమైన గదిలో ప్రారంభము కాలేదు. పర్వతములు కదలుచున్నవి, సముద్రము పొంగుచున్నది, జనములు ఘోషించుచున్నవి, రాజ్యములు తూలుచున్నవి. తొమ్మిదవ వచనమున దేవుడు యుద్ధములను మాన్పుచు, విల్లును విరిచి, ఈటెను నరికి, యుద్ధరథములను కాల్చుచున్నాడు. ఆ వెంటనే ఈ ఆజ్ఞ వచ్చుచున్నది. ఇది పోరాడుచున్న జనములతో చెప్పబడినదని కొందరు వ్యాఖ్యాతలును, భయపడుచున్న దేవుని ప్రజలతో చెప్పబడినదని మరికొందరును తలంతురు. ఎట్లు తలంచినను భావము ఒక్కటే: చేత బిగబట్టినదానిని క్రింద పెట్టుడి, దేవుడు ఎవడో అప్పుడు తెలియును. తానే దేవుడనని తలంచువాడు తన పిడికిలిని విప్పజాలడు. పిడికిలి విప్పనివానికి దేవుడు దేవుడుగా తెలియడు.

ఫరో నోట అదే మాట

ఈ ధాతువు నిర్గమకాండము 5వ అధ్యాయమున మరియొకని నోట వినబడుచున్నది. ఇశ్రాయేలీయులు అరణ్యమునకు పోయి తమ దేవుని సేవింతుమని అడిగినప్పుడు ఫరో వారిని సోమరులని నిందించెను. 8వ వచనమునను 17వ వచనమునను అతడు వాడిన పదము "నిర్పీమ్", అనగా "సడలినవారు". ధాతువు అదే రాఫా! ఇంతే కాదు. 5వ వచనమున, మోషే అహరోనులు జనులను తమ భారములనుండి విశ్రమింపజేయుచున్నారని అతడు కోపగించెను. అక్కడ వాడబడిన క్రియ విశ్రాంతిదినమునకు మూలమైన "షాబత్" ధాతువునుండి వచ్చినది. 46వ కీర్తనలో దేవుడు యుద్ధములను మాన్పుచున్నాడని చెప్పునప్పుడును ఈ షాబత్ ధాతువే వాడబడినది.

ఫరోకు ఏది నేరముగా కనబడెనో దానినే యెహోవా వరముగా ఇచ్చుచున్నాడు. విశ్రమించుట, సడలించుట అను రెండు మాటలు ఇటుకల బట్టీ యజమానుని నోట నిందలైనవి. దేవుని నోట ఆజ్ఞలైనవి. ద్వితీయోపదేశకాండము 5:15 విశ్రాంతిదినమునకు ఇచ్చు కారణము దీనినే స్థిరపరచుచున్నది. ఐగుప్తులో దాసులై యుండి విడిపింపబడిన వారు గనుక విశ్రమింపవలెను. వారి దాసదాసీలును వారివలెనే విశ్రమింపవలెను. విశ్రాంతి విడుదలకు గురుతు. విశ్రమింపలేనివాడు ఎంత గొప్ప జీతము తీసికొనినను ఇంకను ఇటుకల బట్టీ దాటి రాలేదని గ్రహింపవలెను.

ఫరో పద్ధతిని కూడ గమనింపవలెను. గడ్డి ఇచ్చుట మానెను. ఇటుకల లెక్కను తగ్గింపలేదు. నేడును అనేక కార్యాలయములలో మనుష్యుల సంఖ్య తగ్గును గాని పని లెక్క తగ్గదు. నలుగురు చేసిన పనిని ఇద్దరు చేయవలెను. చేయలేనప్పుడు లోపము వారిదే యనబడును. ఈ స్థితిలోనున్న ఉద్యోగితో "నీవు ప్రార్థన తగ్గించితివి, అందుచేతనే నీకీ బాధ" అని చెప్పుట తగదు. అన్యాయమైన భారము మోయువాడు మొఱ్ఱపెట్టవచ్చును. ఇశ్రాయేలీయులు మొఱ్ఱపెట్టిరి, దేవుడు ఆలకించెను. ఆయన వారికి సహనము మాత్రమే బోధించి ఊరకొనలేదు. వారి భుజమునుండి మోపును దించెను, వారి చేతులనుండి గంపను విడిపించెను (కీర్తన 81:6).

అయితే ఫరో అన్నివేళలను బయటనే యుండడు. కొందరిలో అతడు లోపల కాపురముండును. పని ముగిసి ఇంటికి వచ్చి కూర్చున్న మనుష్యునితో ఒక స్వరము "నీవు సోమరివి" అని పలుకును. పిల్లలతో ఆడుకొనునప్పుడు ఆ స్వరము లెక్క అడుగును. భోజనముచేయునప్పుడు ఫోను తీసి చూడుమని పురికొల్పును. భక్తిగల కుటుంబములలో పుట్టి కష్టపడి పైకి వచ్చినవారు ఈ స్వరమును మనస్సాక్షి యనుకొందురు, కొన్నిసార్లు దేవుని స్వరమేయనుకొందురు. వాక్యము ఆ స్వరము ఎవరిదో నిర్గమకాండములో తేటగా చూపుచున్నది.

సోమరి చేయి, విశ్వాసి చేయి

ఇచ్చట ఒక అభ్యంతరము కలుగును. అట్లయిన లేఖనములలో సోమరితనమును ఖండించు మాటలు లేవా? కలవు, అవియు ఈ ధాతువుతోనే కలవు. సామెతలు 18:9 తన పనిలో చేతులు సడలినవానిని నాశనము చేయువానికి సహోదరుడని చెప్పుచున్నది. నెహెమ్యా 6:9లో శత్రువులు కోరినదేమనగా, ప్రాకారము కట్టువారి చేతులు సడలి పని నిలిచిపోవలెనని. నెహెమ్యా తన చేతులను సడలనీయలేదు; వాటిని బలపరచుమని దేవుని వేడుకొనెను.

కావున సడలిన చేయి ఒక చోట పాపము, ఒక చోట విశ్వాసము. భేదము చేతిలో లేదు, అది దేనిని విడిచినదో దానిలో నున్నది. సోమరి పనిని విడిచి ఫలమును కోరును. విశ్వాసి పనిని చేసి ఫలమును దేవునికి విడుచును. ఆందోళనపడువాడు ఈ రెండింటిలో దేనిని విడువడు. పనియు తనదే, ఫలమును తనదే, లోకమంతయు తన భుజములమీదనే యున్నదని తలంచును.

మన ప్రభువు చెప్పిన చిన్న ఉపమానమొకటి దీనిని వివరించుచున్నది (మార్కు 4:26–29). మనుష్యుడు విత్తనము చల్లి రాత్రి నిద్రించుచు పగలు లేచుచుండగా విత్తనము మొలిచి పెరుగుచున్నది. ఎట్లు పెరిగినదో అతనికి తెలియదు. భూమి తనంతట తానే పంట నిచ్చును. "తనంతట తానే" యను చోట గ్రీకులో "ఆటొమాతె" అను పదమున్నది. రైతు చల్లవలెను, కోతకాలమున కొడవలి పెట్టవలెను. ఆ రెండును అతని పని. నడుమ జరుగునది అతనిది కాదు. రాత్రివేళ మేల్కొని మొలకను పైకి లాగువాడు మంచి రైతు కాడు. అతడు పంటను త్వరపెట్టలేడు, వేరును మాత్రము తెంచును. విద్యార్థుల పరీక్షాఫలితములను గూర్చి నిద్రమానుకొను ఉపాధ్యాయుడును, రోగి కోలుకొనుటను గూర్చి ఇంటికి వెళ్లియు ఆసుపత్రిలోనే మనస్సు నిలిపిన నర్సును, ఈ రైతువద్ద నేర్చుకొనవలసినది కలదు.

సేరంపూరు అగ్ని

46వ కీర్తన 10వ వచనమునకును భారతదేశ క్రైస్తవ చరిత్రకును, విశేషముగా తెలుగు బైబిలు చరిత్రకును ఒక సంబంధము కలదు. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున, బెంగాలులోని సేరంపూరు మిషను ముద్రాలయమునకు నిప్పంటుకొనెను. విలియం కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను; అక్కడ ఫోర్ట్ విలియం కళాశాలలో ఆయన భాషలు బోధించుచుండెను. విలియం వార్డును తోడివారును ఎంత ప్రయాసపడినను భవనము దక్కలేదు. మరునాడు జాషువా మార్ష్‌మన్ కలకత్తాకు వెళ్లి ఈ వార్తను కేరీకి తెలిపెను.

కాలిపోయినవి కాగితములు మాత్రమే కావు. అనేక భారతీయ భాషల అచ్చు అక్షరములు కరిగిపోయెను. సంవత్సరముల తరబడి కేరీ కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతియు, తెలుగు, పంజాబీ వ్యాకరణముల వ్రాతప్రతులును బూడిదయ్యెను. అనువాదపుపని చేయువానికి ఈ నష్టము ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. అచ్చు యంత్రమును డబ్బిచ్చి కొనవచ్చును. వ్రాతప్రతిని మరల వ్రాయుటకు ఆయుష్షే ఇయ్యవలెను.

తరువాతి ఆదివారమున కేరీ సేరంపూరులో ప్రసంగించెను. ఆయన ఎన్నుకొన్న మూలవాక్యము ఈ వచనమే. ఆ ప్రసంగములో ఆయన రెండు అంశములను వివరించెను: మనలను తన చిత్తము చొప్పున నడిపించుటకు దేవునికి గల హక్కు ఒకటి, ఆ చిత్తమునకు లోబడవలసిన మన విధి రెండవది. తెలుగు వ్యాకరణమును పోగొట్టుకొనిన చేతులు ఆ దినమున దానిని దేవుని యెదుట విడిచిపెట్టినవి.

ఆ తరువాత ఆ చేతులు ఏమి చేసినవి? మరల కలము పట్టినవి. అక్షరములు పోతపోయు అచ్చులు బూడిదలో చెడక దొరికినందున కరిగిన లోహముతోనే క్రొత్త అక్షరములు సిద్ధమయ్యెను. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లో సేరంపూరులో అచ్చయ్యెను. విడిచిపెట్టుటకును మానివేయుటకును గల భేదము ఇచ్చట ప్రత్యక్షమగుచున్నది. ఆయన పనిని మానలేదు. అది తనదను పట్టును విడిచెను. పట్టు విడిచినందున మరల ప్రారంభించుటకు శక్తి మిగిలెను.

అగ్ని కలిగిన 1812వ సంవత్సరమే మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున సేరంపూరు ముద్రాలయమునుండి వెలువడెను. వాటిని విశాఖపట్టణమున సిద్ధపరచినవారు లండను మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి. ఆనందరాయరు అను పండితుడు వారికి తోడ్పడెను. వారు 1805లో వచ్చిరి. క్రాన్ 1809లో, డెగ్రాంజి 1810లో మరణించిరి. అచ్చయిన పుస్తకమును ఇద్దరిలో ఒకడును చేత పట్టుకొనలేదు. అయినను పుస్తకము వచ్చెను. విత్తినవాడు నిద్రించెను, మొలక మొలిచెను.

కేరీని అన్నివిధముల మాదిరిగా చూపుటకు ఇది చెప్పబడలేదు. ఆయన భార్య డోరతి 1794లో కుమారుని పోగొట్టుకొనిన తరువాత మతి చలించి, దీర్ఘకాలము బాధపడి, 1807లో మరణించెను. గొప్ప పరిచర్య చేయువారి ఇండ్లలో ఆ బరువును మోయువారు వేరొకరు కూడ నుందురని ఆమె చరిత్ర జ్ఞాపకము చేయుచున్నది. ఒకడు తన పనికి అర్పించునది తన సొంతమైనదే యని తలంచును. అనేక పర్యాయములు అది అతని భార్యదియు బిడ్డలదియునై యుండును.

పంచుకొనవలసిన భారము

భారములన్నియు దేవునిమీద వేయదగినవి కావు. కొన్ని తోటివారితో పంచుకొనవలసినవి. ఐగుప్తునుండి బయటికి వచ్చిన మోషే అరణ్యమున తనకొరకే మరియొక ఇటుకల బట్టీ కట్టుకొనెను. ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్కడే కూర్చుండి తీర్పు తీర్చుచుండగా జనులు అతనిచుట్టు నిలిచియుండిరి (నిర్గమ 18:13). అతని మామ యిత్రో అది చూచి, పని మంచిది కాదనలేదు. పద్ధతి మంచిది కాదనెను. నీవును నీతోనున్న జనులును నలిగిపోవుదురని హెచ్చరించెను. అక్కడి హెబ్రీ క్రియకు ఆకు వాడిపోవుట యని అర్థము. మొదటి కీర్తనలో నీటి కాలువల యొద్ద నాటబడిన చెట్టు ఆకు వాడదని చెప్పునప్పుడు వాడబడిన క్రియ ఇదియే.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. వాడిపోవువాడు మోషే మాత్రమే కాడు, జనులును వాడిపోవుదురు. అన్నియు తానే చేయువాడు ఇతరులకు మేలు చేయుచున్నాననుకొనును. వారిని ఎండలో నిలువబెట్టుచున్నాడని అతనికి తెలియదు. మన సంఘములలో ప్రసంగము, పెండ్లి, భూస్థాపన, తగవుల పరిష్కారము, లెక్కలు, భవన నిర్మాణము అన్నియు ఒక్క కాపరి భుజములమీద పడుట సామాన్యము. ఉద్యోగము చేసి ఇంటికి వచ్చిన స్త్రీకి వంటయు, పిల్లల చదువును, అత్తమామల ఔషధములును ఒంటరిగా ఎదురుచూచుటయు సామాన్యమే. ఇట్టివారికి ఓదార్పు మాటలకంటె ముందుగా కావలసినది సహాయము చేయు చేతులు. ఆమె ప్రక్కన నిలిచి అన్నము వార్చు భర్త ఆ సాయంకాలమునకు ఆమె యిత్రో.

శరీరమును మరువరాదు

బదరీవృక్షము క్రింద మరణము కోరిన ఏలీయాతో దేవుడు మొదట వాదింపలేదు, గద్దింపలేదు (1 రాజులు 19:4–8). అతడు నిద్రించెను. దేవదూత తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెను, నీళ్లను చూపెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి, ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొనెను. నిద్రయు ఆహారమును అయిన తరువాతనే హోరేబున మెల్లనైన స్వరము వినబడెను. అక్కడ అతడు తానొక్కడే మిగిలితినని చెప్పగా, ఏడు వేలమంది మిగిలియున్నారని దేవుడు తెలిపెను. అతనికి మారుగా ఎలీషాను అభిషేకించుమనెను. ఒంటరితనపు లెక్క తప్పని తెలియుటకు ముందు అతనికి రెండు నిద్రలు అవసరమయ్యెను.

ప్రవక్తకు అవసరమైన నిద్ర బ్యాంకు గుమస్తాకు అవసరము కాదా? అనేక వారములు నిద్ర పట్టనివారును, ఏడ్పు ఆగనివారును, బ్రదుకు వలదని తోచువారును వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను మాటలాడవచ్చును. దేవదూత రొట్టె తెచ్చిన రీతిగానే దేవుడు నేడు మనుష్యుల చేతులతో సహాయము పంపును.

వేయవలసిన చింత

పంచుకొనిన తరువాతను, విశ్రమించిన తరువాతను మిగులునది ఒకటి కలదు: రేపటిని గూర్చిన చింత. దానిని పంచుకొనుటకు వేరెవరును చాలరు. 1 పేతురు 5:7 దానిని దేవునిమీద వేయుమనుచున్నది. అక్కడి గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో మరియొక్క చోట మాత్రమే కలదు: శిష్యులు తమ వస్త్రములను గాడిదపిల్ల మీద వేసినప్పుడు (లూకా 19:35). భుజమునుండి తీసి వేరొకదానిమీద పడవేయుట దాని భావము. వేసిన వస్త్రము ఇక వేసినవాని భుజము మీద నుండదు.

ఈ మాట 6వ వచనముతో కలిపి చదువవలెను. గ్రీకు వాక్యనిర్మాణములో "వేయుడి" యనునది వేరొక ఆజ్ఞ కాదు. దీనమనస్కులై యుండుడి యను ఆజ్ఞనుండి వ్రేలాడు క్రియ. అనగా, చింతను దేవునిమీద వేయుటయే తగ్గించుకొనుట. చింతను విడువనివాడు తాను బలహీనుడననుకొనును. అపొస్తలుని లెక్కలో అతని కష్టము మరియొకటి. తాను లేనియెడల ఏదియు నడువదను నమ్మకము దానికి వేరు. ఈ మాట కఠినముగా తోచవచ్చును గాని ఇందులోనే విడుదల యున్నది. కార్యాలయము తన తరువాతను నడుచును. సంఘము తన తరువాతను నిలుచును. బిడ్డలను తనకంటె ముందుగా ప్రేమించినవాడు ఒకడున్నాడు. ఇది అవమానము కాదు, ఊరట.

పని చేయించుకొనువారికి

ఈ పాఠము మోయువారికి మాత్రమే కాదు, మోపువారికి కూడ. ఎద్దుపుండు కాకికి నొప్పియా అని లోకోక్తి. లేవీయకాండము 25:43 తన క్రింద పనిచేయువానిని కఠినముగా ఏలరాదని ఆజ్ఞాపించుచున్నది. అక్కడ "కఠినముగా" అనుటకు వాడిన హెబ్రీ పదము, నిర్గమకాండము 1:13లో ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులచేత పని చేయించుకొనిన విధమును వర్ణించిన పదమే. భావము స్పష్టము: విడిపింపబడినవాడు ఫరో కారాదు. రాత్రి పదిగంటలకు క్రిందివారికి సందేశము పంపు అధికారియు, సెలవు అడిగినవానిని అనుమానముతో చూచు యజమానుడును, ఇంటి పనిమనిషికి వారములో ఒక్క దినమైనను విశ్రాంతి ఇయ్యని విశ్వాసియు ఈ వచనము ఎదుట నిలువవలెను. క్రైస్తవ సంస్థలు ఈ విషయములో ముందు నిలువవలెను. పరిచర్య యను పేరు పెట్టినంతమాత్రమున ఇటుకలు తేలికపడవు.

అనుదిన అభ్యాసము

చేతులు సడలించుట ఒక్క దినమున వచ్చునది కాదు. ఈ క్రింది క్రమము సహాయపడవచ్చును.

1. దినపు పని ముగియగానే, లేచుటకు ముందు, ముగిసినవానిని, మిగిలినవానిని ఒక కాగితముమీద వ్రాయుము. మిగిలినవానిని ఒక్కొక్కటి పేరుపెట్టి దేవునికి అప్పగించి పుస్తకము మూయుము.

2. మిగిలినవానిని మూడుగా విభజింపుము: నేను చేయవలసినది, ఇతరులతో పంచుకొనవలసినది, దేవుడు మాత్రమే చేయగలది. మొదటిది రేపటికి, రెండవది నేడే మరియొకరితో మాటలాడుటకు, మూడవది ప్రార్థనకు.

3. వారములో ఒక దినము పనినుండి తప్పుకొనుము. ఆదివారమున పనిచేయు నర్సులు, బస్సు డ్రైవర్లు, పోలీసువారు, సంఘ కాపరులు మరియొక దినము ఎన్నుకొనవలెను. ఆ దినమున పని సంబంధమైన ఫోను మాటలాడకుండుట నేటి కాలపు విశ్రాంతిదినాచారములో ఒక భాగము.

4. భారము అన్యాయమైనదైతే, దానిని ఒంటరిగా మ్రింగక, తోడివారితో కలిసి మర్యాదగా, స్పష్టముగా పైవారికి తెలుపుము. అది సణుగుట కాదు.

5. పండుకొనునప్పుడు అరచేతులను విప్పి పైకి చాచుము. మాటలు రాని రాత్రి అది చాలిన ప్రార్థన.

ధ్యానమునకు ప్రశ్నలు

కూర్చున్న వేళ నిన్ను సోమరివని నిందించు స్వరము ఎవరిది?

నీ పనిలో ఫలమును దేవునికి విడువక బిగబట్టినది ఏది?

నీవు మోయు బరువులో నీ ఇంటివారి వంతు ఎంత? వారిని ఎప్పుడైనను అడిగితివా?

నీ క్రింద పనిచేయువారు నిన్నుగూర్చి దేవునికి మొఱ్ఱపెట్టుదురా, స్తుతించుదురా?

ప్రార్థన

ఐగుప్తు గంపను నీ ప్రజల చేతులనుండి తీసివేసిన దేవా, మా చేతులు బిగిసియున్నవి. మాకు నీవిచ్చిన పనిని నమ్మకముగా చేయుటకును, నీవు మాకియ్యని దానిని విడుచుటకును కృప నిమ్ము. ఇతరుల భుజములమీద మేము పెట్టిన మోపులను మాకు చూపుము. ఈ రాత్రి మాకు నిద్రను దయచేయుము. నీవు నిద్రింపవు గనుక మేము నిద్రింతుము. ప్రయాసపడువారిని తన యొద్దకు పిలిచిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.